బ్యాలెన్సు సరిపోయినా బండి అదిరింది

బండ్ల గురించి నేను వ్యాసం రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్ళే నమ్మలేదు. ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో నేను నడిపినవి రెండు స్కూటర్లు, ఒక చిన్న కారు. ఆ కారు బానెట్టు ఎలా తెరవాలో కూడా మా అమ్మాయే చూపించింది. చదివింది బి.కాం. డెబిట్టు, క్రెడిట్టు తప్ప వేరే యంత్రశాస్త్రం నాకు తెలియదు. అలాంటివాణ్ణి 2023లో ఒక పికప్ బండి చక్రం రెండు నెలలు తిప్పలు పెట్టింది. పాలకో, పూలకో, కూరగాయలకో ఇలాంటి బండి నడిపే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఎవరికైనా పనికివస్తుందేమోనని రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచి రాస్తే సగం కథే అవుతుంది.

మాది హోసూరు. మా అక్కను శూలగిరి దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. బావగారు 2017లో పోయారు. బావి కింద రెండెకరాలు, అందులో టమాటా, కొత్తిమీర, బీన్సు. ఒక్కడే కొడుకు. డిప్లొమా సగంలో వదిలేసి సేద్యంలోకి దిగాడు. తన పంటతో పాటు చుట్టుపక్కలవాళ్ళ సరుకు కూడా చెన్నై కోయంబేడు మార్కెట్టుకు తోలితే బాడుగ మిగులుతుందని, పికప్ బండి కొంటానన్నాడు. లెక్క వేసి చూస్తే సబబుగానే ఉంది. కొత్త బండికి తాహతు లేదు గనుక 2022 చివర్లో పాతది చూశాం.

అప్పు మా బ్యాంకులో కాకుండా వేరేచోట ఇప్పించాను. మేనల్లుడి కాగితాల మీద మామ సంతకం పెడితే రేపు ఇన్‌స్పెక్షనులో సమాధానం చెప్పుకోవాలి కదా. మార్జిన్ డబ్బు 1,50,000 రూపాయలు మాత్రం నేనే ఇచ్చాను. బండిని పరీక్ష చేసినవాణ్ణీ నేనే. ఆర్.సి. చూశాను, ఇన్సూరెన్సు చూశాను, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కళ్ళద్దాలు పెట్టుకుని సరిచూశాను. పాత అప్పు తాలూకు నిరభ్యంతర పత్రం ఉందో లేదో చూశాను. చివర టైర్ల దగ్గర వంగి, గాళ్ళలో వేలు పెట్టి లోతు చూసి, "టైర్లు కొత్తవేరా" అన్నాను. టైర్ల పేరు చెప్పి అమ్మినాయన అడిగిన 10,000 ఎక్కువకు ఒప్పుకున్నదీ నేనే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆరు నెలలు బండి బాగానే తిరిగింది. 2023 ఆగస్టులో మావాడు ఫోను చేశాడు.

"మామా, బండి అదరతా ఉండాది. డెబ్బై దాటితే స్టీరింగు మీద చెయ్యి నిలవదు."

"అయితే డెబ్బై దాటించకు" అన్నాను. నాకది మంచి సలహా అనిపించింది. నిజానికి సరుకు బండికి నాలుగు వరసల రోడ్డు మీద కూడా 80 దాటకూడదని రూలు. కానీ కోయంబేడులో సరుకు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకల్లా దిగాలి. ఆలస్యమైన పెట్టెకు ధర ఉండదు. శూలగిరి నుంచి దాదాపు 270 కిలోమీటర్ల దారి. అరవైలో పోతే బేరం పోతుంది, డెబ్బై అయిదులో పోతే బండి అదురుతుంది. ఆ ఇరకాటం బ్యాంకు కుర్చీలో కూర్చున్న నాకు తెలియలేదు.

వాడు మెకానిక్కుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఇక్కడ మన ప్రాంతపు తమాషా ఒకటి చెప్పాలి. మనం ఇంట్లో అనేది 'అదురుతోంది' అని. మావాడు తమిళ మెకానిక్కుతో "స్టీరింగ్ ఆడుదు" అన్నాడట. తమిళంలో 'అదిరుదు' అంటే అదురుతోందని, 'ఆడుదు' అంటే ఊగులాడుతోందని. ఆ మెకానిక్కు, పాపం, కీళ్ళు వదులై స్టీరింగు ఊగుతోందనుకుని బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు మార్చేశాడు. ఒక్క అక్షరానికి ఆరు వేలు ఖర్చు! ఇంకొకాయన షాక్ అబ్జార్బర్లు మార్చాడు. మరొకచోట వీల్ అలైన్‌మెంటు చేశారు. అలైన్‌మెంటు తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది గాని, అదురుకు అది మందు కాదని తర్వాత తెలిసింది. చక్రాల బ్యాలెన్సింగు అయితే మూడుసార్లు జరిగింది.

ఒక్కసారి మాత్రం గుణం కనిపించింది. పొలాల్లోకి వెళ్ళే బండి కదా, రిమ్ముల లోపలివైపు ఎర్రమట్టి పేరుకుని గట్టిపడి ఉంది. ఎవరో చూసి గీకించి కడిగించారు. వారం రోజులు అదురు తగ్గింది. మావాడు సంతోషంగా ఫోను చేశాడు. తర్వాత మళ్ళీ మొదటికి వచ్చింది. మట్టి కూడా కొంత కారణమే, కానీ అసలు కారణం దాని వెనక దాక్కుంది. లెడ్జర్లలో కూడా ఇలాగే జరిగేది. చిన్న తేడా దొరకగానే అంతా అయిపోయిందని సంబరపడేవాళ్ళం.

మెకానిక్కులందరూ చేసిన పని ఒకటే. బండెక్కి బజారులో ఒక చుట్టు తిరిగి వచ్చి "ఏమీ లేదే" అనడం. బజారులో బండి నలభై దాటదు. డెబ్బైలో వచ్చే జబ్బు నలభైలో ఎలా కనిపిస్తుంది? ఇది ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

అక్టోబరు నాటికి రిపేర్ల ఖర్చు 17,400. రాత్రి బాడుగలు మానేశాడు. పగలు శూలగిరి నుంచి హోసూరుకు, రాయకోటకు తిప్పుతున్నాడు. నెలకు 14,200 వాయిదా. రెండు వాయిదాలు పడలేదు. అప్పిచ్చిన బ్యాంకు మేనేజరు నాకు తెలిసినవాడే, మర్యాదగా చెప్పాడు, "సార్, మీవాడి ఖాతా ఎస్.ఎం.ఏ. వన్‌లోకి వచ్చింది" అని. వాయిదా తప్పి ముప్పై రోజులు దాటితే ఆ పేరు పెడతాం, అరవై దాటితే ఎస్.ఎం.ఏ. టూ, తొంభై దాటితే ఎన్.పి.ఏ. ఎంతోమంది ఖాతాలకు నేను ఆ ముద్రలు వేశాను. నా మేనల్లుడి ఖాతాకు పడేసరికి ఒళ్ళు మండింది.

ఆ వారమే బంధువుల ఇంట గృహప్రవేశం. భోజనాల దగ్గర నలుగురిలో మావాడు మళ్ళీ బండి సంగతి ఎత్తాడు. నేను ఉండబట్టలేక, "అదిరేది బండి కాదురా, రాత్రి నిద్ర చెడుతుందని నీ ఒళ్ళు" అన్నాను. పక్కన ఇద్దరు నవ్వారు. వాడు విస్తరిలో నీళ్ళు చల్లి లేచిపోయాడు. అక్క నావైపు చూడనైనా చూడలేదు.

ముప్పై ఏళ్ళలో నేను వినని సాకు లేదు. ఆవు చచ్చిపోయిందన్నవాడి ఇంట్లో ఆవు కనిపించేది. అలాంటివి చూసి చూసి, వాయిదా కట్టనివాడు చెప్పేదంతా కథే అనే అలవాటు ఒకటి ఒంటబట్టింది. అది ఉద్యోగానికి పనికొచ్చింది కాబట్టి అంతటా పనికొస్తుందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అక్క ఫోను చేసింది. తిట్టలేదు. "నాయనా, వాడు అమ్మేస్తానంటా ఉండాడు బండిని. నువ్వు ఒక్క తూరి దాన్లో కూర్చోని పోయి చూడు. ఆ పైన నీ ఇష్టం" అంది. అంతే.

శుక్రవారం సాయంత్రం శూలగిరి వెళ్ళాను. ఎనభై పెట్టెల టమాటా ఎక్కించాడు. ఎనిమిదిన్నరకు బయలుదేరాం. వాడు నాతో ఎక్కువ మాట్లాడలేదు. కృష్ణగిరి టోలు దాటి చెన్నై రోడ్డెక్కాక, బర్గూరు దగ్గర రోడ్డు ఖాళీ అయింది. అరవై, అరవై అయిదు. ఏమీ లేదు. "ఏదిరా?" అనబోయాను. అరవై ఎనిమిది దగ్గర ముందు అద్దం మీద వేలాడదీసిన దేవుడి బొమ్మ వణకడం మొదలైంది. డెబ్బై అయిదుకు వచ్చేసరికి స్టీరింగు వాడి చేతుల్లో కుట్టుమిషనులా కొట్టుకుంటోంది. "పట్టుకో మామా" అన్నాడు. పక్కనుంచి ఒక చెయ్యి వేశాను. మోచేయి దాకా జివ్వుమంది. వెనకాల టన్నుకు పైగా సరుకు, పక్కన ట్రెయిలర్లు, చీకటి. వాడు రెండు నెలలు ఈ చక్రం పట్టుకునే తిరిగాడు. వాణియంబాడి దగ్గర టీకి ఆపినప్పుడు చూస్తే, గ్లాసు పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కి ఇంకా తిన్నగా నిలవడం లేదు.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. "పద, అరవైలోనే పోదాం" అన్నాను. కోయంబేడు చేరేసరికి మూడున్నర దాటింది. పెట్టెకు ఇరవై తక్కువ పలికింది. అలా ఎందుకు పోతుందో కళ్ళారా చూశాను.

తిరుగు దారిలో బండి ఖాళీ, పగటి వెలుతురు. మామూలుగా మీటింగులకు తీసుకెళ్ళే నోటు పుస్తకం తీసి, ఒక పేజీలో గీతలు కొట్టాను. బ్యాంకులో కంప్యూటర్లు రాని రోజుల్లో ఉద్యోగంలో చేరినవాళ్ళకు తెలుసు, బుక్స్ బ్యాలెన్సింగ్ అంటే ఏమిటో. పుస్తకాల్లో నలభై అయిదు రూపాయలు తేడా వస్తే రాత్రి పది దాకా కూర్చునేవాళ్ళం. తేడా తొమ్మిదితో భాగింపబడితే ఎవరో రెండంకెలు తారుమారు చేసి రాశారని అనుమానం. మా సీనియరు ఒకాయన చెప్పేవారు: ఒకేసారి రెండు పుస్తకాలు దిద్దకు, తప్పు పోయినా ఎక్కడ పోయిందో తెలియదు. మావాడి బండికి మెకానిక్కులు అదే చేశారు. ఒక్కోసారి రెండేసి సామాన్లు మార్చారు, ఏది మార్చినా వేగంలో నడిపి చూడలేదు.

మొదటి ప్రశ్న, అదురు ఎక్కడ తెలుస్తోంది? స్టీరింగులోనా, సీటు కిందా? స్టీరింగులో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాల పని. సీటులో, బండి అడుగున తెలిస్తే వెనకవైపుది. మాది స్టీరింగులో. రెండోది, బ్రేకు వేసినప్పుడు పెరుగుతోందా? పెరిగితే బ్రేకు డిస్కుల మీద అనుమానపడాలి. పెరగలేదు. మూడోది, రోడ్డు తిన్నగా, ముందూ వెనకా ఎవరూ లేకుండా ఉన్న చోట డెబ్బై అయిదులో ఒక్క క్షణం న్యూట్రలు చేశాడు. ఇంజను చప్పుడు తగ్గింది, అదురు తగ్గలేదు. అంటే ఇంజను నిర్దోషి. (రద్దీలో, దిగుడులో ఈ పని చేయకండి.) నాలుగోది, సరుకు ఉన్నా లేకపోయినా తేడా ఉందా? లేదు. అయిదోది వేగం. అరవై ఎనిమిది దగ్గర మొదలు, డెబ్బై అయిదు దగ్గర పూర్తి. ప్రతిసారీ అదే.

ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు మీద కూడా నాకు అనుమానం ఉండేది. అది న్యూట్రల్లో కూడా చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది. అయితే అది చక్రం ఒక చుట్టు తిరిగేలోపు సుమారు నాలుగు చుట్లు తిరుగుతుందట. అందువల్ల దాని అదురు సన్నగా, తుమ్మెద ఝుంకారంలా, కాళ్ళ కింద తెలుస్తుందని వేలూరు దగ్గర టిఫినుకు ఆగినప్పుడు ఒక లారీ డ్రైవరు చెప్పాడు. మాది ఝుంకారం కాదు, దడదడ.

ఇంజనీరింగు చదివిన మా అమ్మాయికి ఫోను చేసి, ఈ వేగం మర్మమేమిటని అడిగాను. టైరు మీద ఏమి రాసి ఉందో చదవమంది. 215/75 ఆర్ 15. దాన్నిబట్టి చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 75 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు తొమ్మిది చుట్లకు పైగా తిరుగుతుంది. రిమ్ము అంచున ఒక్క 30 గ్రాముల బరువు ఎక్కువైతే, ఆ వేగంలో అది సుమారు రెండు కిలోల బరువై, సెకనుకు తొమ్మిదిసార్లు చక్రాన్ని బయటికి గుంజుతుంది. వేగం సగమైతే ఆ గుంజుడు సగం కాదు, పావు వంతు అవుతుంది. అంటే అర కిలో. "చక్రవడ్డీ లాంటిదా?" అన్నాను. "దాదాపు" అంది నవ్వుతూ. పైగా ముందు చక్రాల అమరికకు తనదైన ఒక ఊగుడు లయ ఉంటుందట. చక్రం తిరిగే లయ దానితో కలిసిన చోట అదురు పెద్దదవుతుంది. ఉయ్యాలను సరిగ్గా వచ్చేవేళకు తోసినట్టు. అందుకే బజారులో ఏమీ లేనిది హైవే మీద బయటపడుతుంది.

ఇంతవరకూ సరే. మరి మూడుసార్లు బ్యాలెన్సింగు చేశారు కదా? చివరిసారి చేయించినప్పుడు నేనే స్వయంగా వెళ్ళి ఆ షాపాయనతో పోట్లాడాను. "మిషను సున్నా చూపిస్తోంది సార్" అంటే, "మిషను నీది, సున్నా కూడా నీదే" అని వెటకారంగా అన్నాను.

ఆదివారం పొద్దున అక్క ఇంటి ముందు పని మొదలుపెట్టాం. నేను చొక్కా విప్పి లుంగీ కట్టుకోవడం చూసి వీధిలో పిల్లలు మూగారు. మొదట ముందు చక్రాలు రెండూ వెనక్కి, వెనక చక్రాలు రెండూ ముందుకి మార్చాం. సైజు నాలుగింటిదీ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. హైవే మీదకు వెళ్ళి డెబ్బై అయిదు పట్టించాం. స్టీరింగు నిశ్శబ్దం! చెయ్యి వదిలితే తిన్నగా పోతోంది. కానీ నా సీటు కింద దడదడ మొదలైంది. మావాడు నావైపు చూసి మొదటిసారి నవ్వాడు. "తోలుబొమ్మ జాగా మార్చింది మామా!"

అంటే తప్పు స్టీరింగులో లేదు, బాల్ జాయింట్లలో లేదు, షాఫ్టులో లేదు. వెనక్కి పోయిన రెండు చక్రాల్లో ఒకదానిలో ఉంది. అప్పుడు స్టెప్నీ తీశాం. వెనక కుడివైపు స్టెప్నీ వేసి వెళ్ళాం. అదురు ఉంది. కుడివైపుది కుడికే వేసి, ఎడమవైపు స్టెప్నీ వేసి వెళ్ళాం. అదురు పోయింది. ఒక్కోసారి పదేసి కిలోమీటర్లు వెళ్ళిరావడం, నట్లు విప్పడం, బిగించడం, ప్రతిదీ నోటు పుస్తకంలో రాయడం. మధ్యాహ్నం రెండయింది. అక్క రాగిముద్ద, చింతచిగురు పప్పు చల్లారిపోతున్నాయని రెండుసార్లు పిలిచింది.

దొంగ ఏ చక్రమో తెలిసింది. ఏం చేసిందో తెలియాలి. చూడ్డానికి నున్నగా, గాళ్ళు లోతుగా, బాగానే ఉంది. మా పల్లె మలుపులో పంక్చరు షాపు పెద్దాయన ఒకరున్నారు. ఆయన వచ్చి, ఆ చక్రాన్ని మళ్ళీ ముందుకు వేయమన్నాడు. ముందు చక్రం జాకీ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది, వెనక్కి రాళ్ళు పెట్టి హ్యాండ్ బ్రేకు వేసి ఉంచవచ్చు. రెండు ఇటుకలు పేర్చి, వాటి మీద మా అక్క మనవరాలి సుద్దముక్క ఒకటి టైరుకు తగిలీ తగలనట్టు ఆనించి, చక్రాన్ని మెల్లగా తిప్పాడు. సుద్ద ఎక్కడా అంటలేదు. ఇంకా తిరిగింది. ఒక్కచోట, జానెడు మేర, తెల్లగా గీసుకుపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే. ఆ జానెడు మేర టైరు నాలుగైదు మిల్లీమీటర్లు పైకి ఉబ్బి ఉంది. కంటికి తెలియదు. అరచెయ్యి పెట్టి నిమిరితే తెలిసింది.

అప్పుడు నాకు బి.కాం. మొదటి సంవత్సరం పాఠం గుర్తొచ్చింది. ట్రయల్ బ్యాలెన్సు సరిపోయినంత మాత్రాన పుస్తకాల్లో తప్పులు లేవని కాదు. ఒక తప్పును ఇంకో తప్పు కప్పితే రెండు వైపులా మొత్తం కలుస్తుంది. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న అది, కంఠతా రాసి మార్కులు తెచ్చుకున్నాను. బ్యాలెన్సింగు మిషను కూడా ట్రయల్ బ్యాలెన్సు లాంటిదే. బరువు చుట్టూ సమంగా ఉందా అని మాత్రమే చూస్తుంది. ఉబ్బిన చోట బరువు ఎక్కువైతే ఎదురుగా సీసం బిళ్ళ కొట్టి సున్నా చేస్తుంది. సున్నా నిజమే. కానీ చక్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా అన్నది మామూలు మిషను అడగదు. రోడ్డు మాత్రం అడుగుతుంది. బరువు బండి మీద పడ్డాక, ఆ ఉబ్బు ప్రతి చుట్టుకూ ఒకసారి రోడ్డును తన్నుతుంది.

"దీని మీద నాలుగంకెలుంటాయి, చూడండి" అన్నాడు పెద్దాయన. టైరు పక్కభాగంలో, కోలగా ఒక గడి, అందులో 1916. నేను ఏమనుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇదేదో 1916వ సంవత్సరమా, మోడల్ నంబరా అన్నాను. ఆయన నవ్వలేదు. మొదటి రెండంకెలు వారం, తర్వాత రెండూ సంవత్సరం. 2016లో పంతొమ్మిదో వారం. నేను వేలు పెట్టి "కొత్తవేరా" అన్ననాటికే దానికి ఆరేళ్ళు దాటాయి. ఎక్కడో ఎండలో, బండి తిరగకుండా పడి ఉన్న టైరు. గాళ్ళు అరగలేదు గాని రబ్బరు ముసలిదైపోయింది. దాని మీద మా సరుకు, గుంతలు, గాలి తక్కువైన రోజులు.

ఆ చక్రాన్ని ఇక రోడ్డెక్కించవద్దన్నాడాయన. మరునాడు షాపులో టైరు విప్పి, ఉబ్బిన చోట కోసి చూపించాడు. రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీలు రెండు పొరలుగా ఉంటాయి. ఆ జానెడు మేర పొరలు ఒకదాన్నొకటి వదిలేసి, మధ్యలో వేలు పట్టేంత సందు. ఇలా విడిపోయిన టైరు వేడెక్కి, ఏదో ఒకనాటికి పైచర్మం ఊడిపోయినా, పేలిపోయినా ఆశ్చర్యం లేదు. ముందు చక్రం అలా పోతే సరుకుతో ఉన్న బండి ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఆ టైరు మీదనే నేను శుక్రవారం రాత్రి ఆంబూరు దాటి వెళ్ళాను. వాడు ఎన్ని రాత్రులు వెళ్ళాడో లెక్క వేయడానికి నాకు ధైర్యం రాలేదు.

మావాడు ఆ అంకెలు చూశాడు, నా మొహం చూశాడు. బండి కొన్ననాడు పక్కనే ఉన్నాడు కదా, వాడికి అంతా గుర్తే. "పెద్దాయన చెప్పబట్టి తెలిసింది మామా, ఎవరికి తెలస్తాది ఇవన్నీ" అన్నాడు. గృహప్రవేశంనాడు నేను నలుగురిలో అన్న మాటకు వాడిచ్చిన జవాబు అదొక్కటే.

మిగతా టైర్ల అంకెలు కూడా చదివాం. ముందు రెండోది కూడా అదే సంవత్సరానిది. రెండూ తీసేసి కొత్తవి వేయించాను. డబ్బు నేనిచ్చాను, వాడు వద్దనలేదు. అది కూడా మంచిదే. కొత్త చక్రాలు రిమ్ములు శుభ్రం చేసి, హబ్బు మీద తుప్పు గీకి, నట్లు ఒక వరసన కాకుండా ఎదురెదురుగా బిగించి, బ్యాలెన్సు చేయించాం. చేయించింది నేను పోట్లాడిన షాపులోనే. ఆయన నన్ను గుర్తుపట్టాడు. కోసిన టైరు ముక్క చూపించి, "మీ సున్నా సరైనదేనండీ, తప్పు టైరుది" అన్నాను. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, టీ తెప్పించాడు. అంతకంటే పెద్ద మాటలు మా మధ్య జరగలేదు.

ఆ తర్వాత బంధువుల్లో ముగ్గురు నలుగురు తమ బండ్ల టైర్ల మీద నాలుగంకెలు చదివించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. హోసూరులో ఇప్పుడు నాకు లోను ఆఫీసరుగా కంటే ఆ పేరే ఎక్కువ. వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. అదురు వస్తే మెకానిక్కు దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ వేగంలో, స్టీరింగులోనా సీటులోనా, బ్రేకు వేస్తే పెరుగుతోందా లేదా. మెకానిక్కును కూడా ఆ వేగం దాకా తీసుకువెళ్ళండి. ముందు చక్రాలు వెనక్కి మార్చి చూడడానికి రూపాయి ఖర్చు లేదు. అదురుతో పాటు టైరు మీద ఎక్కడైనా ఉబ్బు చేతికి తగిలితే మాత్రం ఇక పరీక్షలు వద్దు, ఆ చక్రం తీసేయండి. మేము ఆదివారమంతా దాని మీద తిరిగాం, అది తెలియక చేసిన పని.

నవంబరు మొదటి వారంలో వాడు మళ్ళీ రాత్రి బాడుగలు మొదలుపెట్టాడు. పాత వాయిదాలు రెండూ కలిపి డిసెంబరుకల్లా కట్టేశాడు. మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండున్నర దాటాక ఫోను మోగింది.

"మామా, ఆంబూరు దాటినా. డెబ్బై ఎనిమిదిలో ఉండా. చేతికి ఏమీ తెలీలేదు. ఒక చేత్తో పట్టుకోని..."

"రెండో చేత్తో ఫోనా?" అన్నాను. "పెట్టేసి బండి తోలరా ముందు!"